గోనెసంచిలో ఐరిస్ దుంపలు

మా అత్తా మావయ్యా ఎదురెదురుగా కూర్చుని నా ద్వారా మాట్లాడుకునేవాళ్ళు. నమ్మరు కదా? నేనూ నమ్మలేదు. 2006లో గుర్‌గావ్‌లో ఉద్యోగం వచ్చి, విజయవాడ నుంచి రెండు సూట్‌కేసులేసుకుని ఢిల్లీ ఆర్కే పురంలో అత్త క్వార్టర్‌లో దిగిన మొదటి రోజే, భోజనాల దగ్గర అత్త నాతో అంది కదా,

"శరణ్యా, మీ మావయ్యని పెరుగు వేసుకోమను."

మావయ్య అక్కడే ఉన్నాడు. ఆయన మోచెయ్యి పెరుగు గిన్నెకి తగుల్తోంది! నేను పిచ్చిదాన్లా ఒకసారి అత్తనీ ఒకసారి ఆయన్నీ చూసి, "మావయ్యా, పెరుగు" అన్నాను.

"చాలని చెప్పమ్మా."

"చాలంట అత్తా."

"మజ్జిగైనా పోసుకోమను. రోజూ ఇంతే, సగంలో లేచిపోవడం."

"మజ్జిగ..."

"విన్నాలేమ్మా" అన్నాడు మావయ్య. కానీ నాతోనే అన్నాడు.

కృష్ణకుమారి అత్త నాన్నకి సొంత చెల్లెలు. పోస్టల్ అకౌంట్స్‌లో చేస్తుంది, క్వార్టర్ ఆవిడ పేరు మీదే. నాగభూషణం మావయ్యది సర్వే డిపార్ట్‌మెంట్. ఎనిమిదేళ్ళ పాటు కొండల మీదే పోస్టింగులు, ఆఖర్న సిమ్లా, తర్వాత చండీగఢ్‌లో ఓ ఏడాది, నేను రావడానికి కొంచెం ముందే ఢిల్లీ వచ్చాడు. పిల్లల్లేరు. ఏం గొడవైంది వీళ్ళకి అని అమ్మని ఫోన్లో అడిగితే, "గొడవైతే బాగానే ఉండేదే, ఎవరో ఒకళ్ళు వెళ్ళి సర్దేవాళ్ళు. మొదట్లో రోజూ ఫోన్ చేసుకునేవాళ్ళు, తర్వాత ఆదివారాలు, తర్వాత చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదంట" అంది.

నిజం చెప్పనా, ఆ మధ్యవర్తి ఉద్యోగం నాకు తెగ నచ్చింది. ఎందుకంటే గుర్‌గావ్‌లో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. నా పక్క సీట్లవాళ్ళు గుంపుగా లంచ్‌కి లేస్తూ "చలోగీ?" అంటూ నన్నూ రమ్మనేవాళ్ళు, నేను బుర్రలో హిందీ వాక్యం కట్టుకుని నోరు తెరిచేసరికి లిఫ్ట్ తలుపు మూసుకుపోయేది. రోజంతా మానిటర్. వస్తూ క్యాబ్‌లో ధౌలా కువా దాకా అందరూ నిద్ర. అలాంటిది ఇంటికొస్తే ఇద్దరు మనుషులు నా నోటికోసం కాసుక్కూర్చునేవాళ్ళు! కరెంటు బిల్లు, గ్యాస్ సిలిండర్, స్నానానికి వేణ్ణీళ్ళు, అన్నీ నేనే మోసేదాన్ని. మధ్యలో నా సొంత తాలింపు కూడా వేసేదాన్ని. అత్త "కూరలు తెమ్మను" అంటే నేను "మావయ్యా, అత్త మిమ్మల్ని కూరలు తెచ్చిపెట్టగలరా అని అడుగుతోంది" అనేదాన్ని. మావయ్య నవ్వు ఆపుకునేవాడు. మీ అత్త జన్మలో అలా అడగదు అన్నట్టు.

"చిన్నప్పుడు నీకు వస ఎక్కువ పోశారే" అనేది అత్త.

సెప్టెంబర్ చివర్లో, వానలు తగ్గాక, ఓ ఆదివారం అత్త అటక సర్దుతూ ఓ గోనెసంచి కిందకి పడేసింది. తాడుతో మూతి కట్టి ఉంది. దుమ్ము లేచింది.

"ఈ చెత్త పారెయ్యనా ఉంచనా అడుగు."

మావయ్య పేపర్ వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. నిజంగా పరిగెత్తాడు. అప్పటిదాకా ఆయన వేగంగా నడవడం కూడా నేను చూళ్ళేదు. సంచి చంటిపిల్లాడిలా ఎత్తుకుని వరండాలోకి తీసుకుపోయాడు. నేను వెనకాలే. విప్పితే ఏముంది, ఎండిపోయిన అల్లం కొమ్ముల్లాంటివి, ముడతలు పడి, కొసన గడ్డిపోచల్లాంటి వేళ్ళతో. బోలెడు.

"ఏంటివి మావయ్యా?"

"ఐరిస్ అమ్మా. సిమ్లాలో నా క్వార్టర్ మెట్ల పక్కన ఉండేవి. ఖాళీ చేసేటప్పుడు తవ్వి తెచ్చా. చండీగఢ్‌లో గెస్ట్ హౌస్ గది, మట్టే లేదు. మంచం కింద పెట్టుకున్నా."

"అంటే ఏడాది పైనుంచి సంచిలోనేనా! బతుకుతాయా?"

"అదే చూడాలి."

నేను మొక్కల పిచ్చిదాన్ని, మీకు చెప్పలేదు కదూ. విజయవాడలో డాబా మీద డబ్బాల్లో ఏదో ఒకటి పెంచేదాన్ని, ఇక్కడికొచ్చాక అన్నీ బంద్. మర్నాడు ఆఫీసులో పని పక్కనపెట్టి ఐరిస్ మీద దొరికినదల్లా చదివేశాను. ఊదా రంగు, తెలుపు, పసుపు, రేకుల మీద చిన్న గడ్డాల్లాంటి నూగు, దేవుడా, ఇంత అందమైనవి మా అటక మీద ఉన్నాయా! ప్రింట్లు తీసుకుని ఇంటికొచ్చి మావయ్య ముందు పరిస్తే ఆయన ఒక్కటి వేలితో చూపించాడు, లేత ఊదాది. "ఇది. దగ్గరికెళ్తే ద్రాక్షపళ్ళ వాసన. మే నెలలో ఓ రెండు వారాలు, అంతే." ఆ కాగితం మడుస్తూ, "ఆఫీసు నుంచి వచ్చి మెట్ల మీద కూర్చునేవాణ్ణి చీకటి పడేదాకా" అన్నాడు. పక్కన ఎవరుండేవాళ్ళు అని అడగబోయి, ఎందుకో అడగలేదు. నేను అడగకుండా ఆగిన మొదటి ప్రశ్న బహుశా అదే.

బతికున్నవి ఏరడం ఎలాగో ఆయనే నేర్పాడు. బొటనవేలితో నొక్కాలి. బోలుగా ఉంటే పోయినట్టు, మెత్తగా దిగబడినా పోయినట్టు. ముడతలు పడినా లోపల గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. ఇద్దరం వరండాలో కూర్చుని నొక్కుతూ పోయాం. పోయినవాటి గుట్ట పెరుగుతూనే ఉంది. బతికినవాటి వైపు మాత్రం ఓ పది పదకొండు. ఆయన అవి అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నాడు, నా వైపు చూడకుండా అన్నాడు:

"ఆఫీసులో మళ్ళీ కొండమీదకి వెళ్తావా అని అడుగుతున్నారమ్మా. ఈసారి గాంగ్టక్. నవంబర్ ఆఖరుకి చెప్పాలి. వెళ్తే ఇంక రిటైరయ్యేదాకా అక్కడే."

"వెళ్తారా?"

"ఇక్కడ నేనుండి ఎవరికేం ఉపయోగం? పెరుగు వేసుకోడానికా?" అని నవ్వాడు. తర్వాత ఓ దుంప ఎత్తి చూపించాడు. "చూద్దాం. ఇన్నాళ్ళు సంచిలో ఉన్నవి ఇక్కడ వేళ్ళు పట్టుకుంటే నేనూ ఉండిపోతా."

"అత్తకి చెప్పనా?"

"నీతో అన్నానమ్మా. ఊరికే."

ఊరికే అంటే నాకు ఆగుతుందా! సాయంత్రం అత్త గోంగూర కోస్తుంటే మడి పక్కన కూలబడి మొత్తం చెప్పేశాను. ఆ క్వార్టర్ ముందు జానెడు నేల ఉంది. అందులో ఎండ తగిలే చోటంతా అత్త గోంగూరే. అత్త ఆకు ఆకూ గిల్లుతూనే ఉంది.

"అంటే దుంపల్ని అడిగి నిర్ణయించుకుంటాడంటనా?"

"అదీ..."

"ఇంట్లో మనుషులున్నారు. మనుషుల్ని అడగడానికి నోరు లేదా?"

"ఈ మాట చెప్పనా అత్తా?"

"చెప్పకు." అత్త కొంగులో ఆకు మూటకట్టుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఎండ ఎక్కడ బాగా పడుతుందంట వాటికి?"

"నీ గోంగూర దగ్గరే."

"ఆ గోడవైపు సగం పీకేసుకోమను. ఎలాగూ చలికి పోయేదే."

ఇది మాత్రం మోశాను. ఉన్నదున్నట్టు, తాలింపు లేకుండా.

నాటేముందు ఎండిన దుంపల్ని ఓ పూట నీళ్ళల్లో వెయ్యాలి. ఆ ఏడు ఢిల్లీ అంతా డెంగ్యూ భయం, ఇంటింటికీ కూలర్లలో నీళ్ళు పారబొయ్యమని చెప్పిపోయేవాళ్ళు. మావయ్య బకెట్‌లో నానబెట్టి బాత్రూంకి వెళ్ళొచ్చేలోపు అత్త నీళ్ళన్నీ కాలవలో పారబోసి, దుంపల్ని మూలకి తోసేసింది.

"దోమలు గుడ్లు పెడతాయని చెప్పు!"

"ఒక్క పూటలో పెట్టవని చెప్పు!"

"పెట్టవని ఆయనకి రాసిచ్చాయా అడుగు!"

నేను ఇద్దరి మధ్యా తల అటూ ఇటూ తిప్పుతూ, నవ్వు ఆపుకోలేక అక్కడే కూర్చుండిపోయాను. చివరికి బకెట్ మీద అత్త పాత వాయిల్ చీర ముక్క కట్టి, తాడు బిగించి, అలా నానబెట్టాం. చీర ముక్క ఎవరిచ్చారో చెప్పక్కర్లేదు కదా.

దసరా వెళ్ళాక నాటాం. మావయ్య మట్టిని గట్టులా చేసి, గట్టు మీద దుంపని కూర్చోబెట్టి, వేళ్ళని అటో సగం ఇటో సగం కిందకి పరిచి, వేళ్ళ మీదే మట్టి కప్పాడు. దుంప వీపు పైకి కనిపించాల్సిందే, చెరువులో గేదె వీపు కనిపించినట్టు. "దీనికి ఎండే తిండి. ఒక్కసారి తడిపి వదిలెయ్యాలి. నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది" అని నాకు చెప్తున్నాడు, నేను "అవునవును, నేనూ చదివా" అని తలూపేస్తున్నాను. అత్త కిటికీలోంచి చూస్తోంది. కాసేపటికి,

"అదేంటే, అలా బయటికి పెట్టి వదిలేశారు, పైన మట్టన్నా కప్పకుండా! పసుపు కొమ్ములు ఇలాగే నాటుతారా ఎవరైనా?"

ఎవరికి చెప్పమంది? చెప్పమనలేదు. నాతోనే అంది అనుకున్నాను. మావయ్య మట్టి చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయాడు.

తర్వాత ఎదురుచూపులు. మావయ్య ఎనిమిదింటికల్లా ఆఫీసుకి వెళ్ళేవాడు, వెళ్ళేముందు గట్టు దగ్గర ఓ నిమిషం నిలబడేవాడు. నాకు షిఫ్ట్ పదకొండింటికి, తొమ్మిది దాకా నిద్ర. సాయంత్రం ఫోన్ చేసి మరీ అడిగేదాన్ని, "ఏమైనా వచ్చిందా మావయ్యా?" అని. అత్త అడిగేది కాదు. కానీ కూర కలుపుతూ, టీవీ చూస్తూ, "మీ గడ్డలేమంటున్నాయి?" అని మధ్యలో వదిలేది.

దీపావళికి ముందు రోజు ఓ దుంప కొసన పచ్చగా, గోరంత మొన! నేను వీధంతా వినపడేలా అరిచాను. మావయ్య మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. వారం తిరిగేసరికి ఇంకో నాలుగైదింటికి వచ్చాయి. అవి వచ్చిన రాత్రి అత్త బూరెలు చేసింది. దేనికని అడిగితే, "బెల్లం పాడైపోతోంది" అంది.

నవంబర్‌లో చలి మొదలయ్యాక ఆకులు పసుపెక్కడం మొదలుపెట్టాయి. కొత్త చోటు కదా, సర్దుకుంటాయిలే అన్నాడు మావయ్య. మట్టి తడిగా ఉంటోందేంటి అంటే, మంచు పడుతోంది కదమ్మా అన్నాడు. గట్టు కూడా చదునైపోయింది, వీపులు కనపడ్డం మానేశాయి. తడికి కుంగిందేమో అనుకున్నాం. ఆయన అప్పుడే వారం టూర్ మీద డెహ్రాడూన్ వెళ్ళొచ్చాడు. వచ్చాక ఆయన నిలబడే ఆ ఒక్క నిమిషం కాస్తా ఐదు, పది నిమిషాలైంది. గాంగ్టక్ గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. అయితే ఓ సాయంత్రం పాత ఉన్ని కోట్లు బయటికి తీసి ఎండలో వెయ్యడం చూశాను. అత్తా చూసింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నాకు మోయడానికి ఒక్క మాట కూడా దొరకలేదు. ఉప్పు డబ్బా కూడా ఎవరికి వాళ్ళే అందుకున్నారు. స్పూన్ల చప్పుడు మాత్రం వినిపించింది. నేను ఆఫీసు కబురొకటి ఎత్తుకుని, మధ్యలో ఎవరూ వినట్లేదని తెలిసి, ఆపడం ఎలాగో తెలీక చివరిదాకా చెప్పాను.

నవంబర్ చివరి ఆదివారం పొద్దున్న మావయ్య ఓ ఆకుని మెల్లగా పట్టుకున్నాడు. అది చేతిలోకి వచ్చేసింది. లాగలేదు, పట్టుకున్నాడంతే. కింద భాగం జావలా ఉంది. వాసన, అబ్బా, ఎలా చెప్పను, కుళ్ళిన ఉల్లిపాయ బుట్ట. నేను ముక్కు మూసుకుని పక్కన కూర్చున్నాను. ఆయన వేళ్ళతోనే మట్టి తీస్తూ పోయాడు. దుంపల మీద రెండంగుళాల మట్టి! మేం వదిలిన వీపుల మీద ఎవరో శ్రద్ధగా, అరచేత్తో అదిమి మరీ మట్టి కప్పారు. ఆ మట్టిలో ఎరువు ఉంది. ఎరువు మధ్యలో తెల్లగా ఏవో మెరుస్తున్నాయి.

మావయ్య ఒకటి వేలి కొస మీదకి తీసుకున్నాడు. బియ్యపు నూక.

ఇంకొకటి. ఇంకొకటి. గట్టు పొడుగునా, ప్రతి దుంప చుట్టూ ఉబ్బిన నూకలు. మధ్యలో ఓ మినప్పొట్టు.

రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోస్తే తప్ప అన్ని నూకలు చేరవు. నెలన్నర నుంచి, ఆయన ఆఫీసుకి వెళ్ళాక, నేను నిద్ర లేచేలోపు. నాకు చటుక్కున అర్థమైంది, నోరు తెరవబోయాను. మావయ్య రెండో చెయ్యి ఎత్తాడు, ఉండమన్నట్టు. వేలి మీద నూకని చాలాసేపు చూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు. లోపల కుక్కర్ కూస్తోంది.

ఆయన లేచి, చెప్పులు విడిచి, మట్టి చేతుల్తోనే వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. నేను వెనకాల హాల్లో ఆగిపోయాను. ఏదో ఒకటి మోయమంటారేమోనని సిద్ధంగా నిలబడ్డాను.

"నువ్వు నీళ్ళు పోశావా?" అన్నాడు.

అత్త గరిట కలపడం ఆపింది. వెనక్కి తిరగలేదు.

"ఎండిపోయి ఉన్నాయిగా. వీపులు బయటపెట్టుకుని. మట్టి కప్పి పోశాను. మా అమ్మ పసుపుకి అలాగే పోసేది."

"వాటికి నీళ్ళు పడవు."

"ఆ ముక్క నాకెవరు చెప్పారు?"

మావయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. మట్టి వేళ్ళ మీంచి జారి గచ్చు మీద పడుతోంది.

"నేను చెప్పలేదు" అన్నాడు.

"అన్నీ పోయాయా?"

"రెండు ముక్కలు కోసి ఎండబెట్టి చూస్తా. మిగతావి పోయాయి."

అత్త స్టౌ ఆపేసింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. అప్పుడు తిరిగింది. "మరి గాంగ్టక్?"

ఆ పేరు అత్తకి నేనే చెప్పానని ఆయనకి అప్పుడే తెలిసి ఉంటుంది. నా వైపు చూస్తాడేమో అనుకున్నా. చూళ్ళేదు.

"రేపు వద్దని చెప్పేస్తా."

"దుంపలు కుళ్ళిపోయాయిగా."

"అవి కుళ్ళిపోయాయి" అన్నాడు మావయ్య. తర్వాత, "అన్నం పెట్టు" అన్నాడు.

"ముందు చేతులు కడుక్కోండి. గచ్చంతా మట్టి. ఇప్పుడే తుడిచా."

అంతే. ఎవరూ ఏడవలేదు, ఎవరూ నవ్వలేదు. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళాడు, ఆవిడ మూడు కంచాలు తీసింది.

డిసెంబర్ అంతా ఆ ఇంట్లో మాటలే మాటలు! సిలిండర్ గురించి, గీజర్ గురించి, సిమ్లాలో పాలవాడి గురించి, అత్త ఆఫీసులో ఎవరో ప్రమోషన్ గురించి. ఎక్కువ భాగం పోట్లాటలే. "మీరెప్పుడు చెప్పారు?" "నువ్వెప్పుడు అడిగావు?" ఇదే పాట. పొద్దున్నే నిద్రలో వాళ్ళ గొంతులు వినిపిస్తే దుప్పటి లాక్కుని వినేదాన్ని. ఎంత సంతోషమో, ఒట్టు. అమ్మకి ఫోన్ చేసి ఎన్నిసార్లు చెప్పానో.

కానీ రాత్రి భోజనాలకి కూర్చుంటే ఆ మాటల మధ్య సందు దొరికేది కాదు. వాళ్ళకి ఎనిమిదేళ్ళ బాకీ ఉంది, నాది ఆ రోజు ఆఫీసు కబురు. నేను "అత్తా, ఇవాళ ఏమైందంటే" అనేసరికి వాళ్ళు ఆగి, మర్యాదగా నా వైపు తిరిగి, విని, "అచ్ఛా" అని, మళ్ళీ ఒకళ్ళ వైపు ఒకళ్ళు తిరిగేవాళ్ళు. నేను కంచం ముందే ఎత్తేయడం మొదలుపెట్టాను. మంచి మనుషులు, పొమ్మని ఎవరూ అనలేదు. గుర్‌గావ్‌లో ఆఫీసుకి దగ్గరగా పీజీ చూసుకున్నానంటే అత్త కోప్పడింది కూడా, "ఏం తక్కువైందే ఇక్కడ?" అని. ఏం తక్కువైందో చెప్పడానికి మాట దొరకలేదు. నాకు! మాట దొరకలేదు!

జనవరి మొదటి ఆదివారం పీజీలో దిగాను. మూడో అంతస్తు, కిటికీ బయట ఇంకో కిటికీ. గది పంచుకునే అమ్మాయి పేరు చాందిని, కాల్ సెంటర్‌లో రాత్రి షిఫ్ట్. నేనొచ్చేసరికి వెళ్ళిపోతుంది, తనొచ్చేసరికి నేను నిద్ర. సూట్‌కేసులు మంచం కిందకి తోసి, రజాయి కప్పుకుని అమ్మకి ఫోన్ చేశాను.

"అత్తా మావయ్యా ఎలా ఉన్నారే?"

"బ్రహ్మాండంగా ఉన్నారు. పొద్దున్న నన్ను దింపడానికొచ్చి దారంతా పోట్లాడుకుంటూనే ఉన్నారు, రూట్ గురించి."

అమ్మ నవ్వింది. ఇంకా చెప్తానని ఆగింది. నేను ఎప్పుడూ ఇంకా చెప్తాను కదా. లైన్లో విజయవాడ వినిపిస్తోంది, మా వీధి ఆటోలు, ఎవరో గేటు వేస్తున్నారు.

"ఏంటే, వినపడుతోందా?"

"ఆఁ, వింటున్నా అమ్మా" అన్నాను. "నువ్వు చెప్పు."